మాకు ఎక్కడా శాఖలు లేవు

జనవరి 21

బాలాసోర్ దాటాక తెల్లవారింది. మంచు ఇంకా చేల మీదే ఉంది. కిటికీ అద్దం తుడిచి చూస్తే గట్ల వెంబడి ఈత చెట్లు. మొవ్వు కింద చెక్కిన తెల్లటి గాటు, గాటు కింద వేలాడే కుండ. పుట్టి పెరిగింది అనకాపల్లి పక్కన కనుక నా కంటికి అది కల్లు కుండే. ఖరగ్‌పూర్‌లో కోరమాండల్ దిగి, ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్న బావను చూడగానే మొదట అన్న మాట కూడా అదే.

"మీ వైపు పొద్దున్నే కల్లు దించేస్తున్నారు బావా!"

"కల్లు కాదోయ్, బెల్లం. మీ అక్క ఏటా పంపేది ఏమిటనుకున్నావు?"

తాటి బెల్లం అనుకున్నాను. పదిహేనేళ్ళుగా తింటున్నాను. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు ఉన్న ఊరివాణ్ణి, తింటున్నది ఏ చెట్టు బెల్లమో తెలియకుండా తిన్నాను. ఈ యాత్రలో నాకు దక్కిన మొదటి చెంపదెబ్బ అది. రెండోది ఆ సాయంత్రమే తగిలింది.

బావ వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలా వచ్చిన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌లో వేల కుటుంబాలు. బావ బెంగాలీ వింటే పుట్టు బెంగాలీ అనుకుంటారు, తెలుగు వింటే నిన్ననే టెక్కలి నుంచి వచ్చారనుకుంటారు. 1,072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు ఎగరేసుకుపోయింది, 2023లో హుబ్బళ్ళి దాన్నీ దాటేసింది. ఆ బాధ బావకు ఇంకా తీరలేదు.

నేను వచ్చిన పని చెప్పాలి. మా నాన్న అనకాపల్లి స్టేషన్ దగ్గర ముప్ఫై ఏళ్ళు కాఫీ హోటల్ నడిపాడు. పదకొండు బల్లలు, ఒక గల్లాపెట్టె, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన ఆరు టిఫిన్లు. ఆయన ఓపిక తగ్గాక మూతపడింది. అప్పటినుంచి ఏ ఊరు వెళ్ళినా పాత హోటల్ కనిపిస్తే ఆగి లోపలికి తొంగిచూడటం నాకు జబ్బుగా మారింది. కలకత్తాలో వందేళ్ళు దాటిన దుకాణాలు సందుకొకటి ఉన్నాయని బావ ఎప్పటినుంచో చెబుతున్నారు. బెంగాలీ రాని నేను ఒంటరిగా తిరగలేను. ఆయన ఉద్యోగ విరమణ చేయగానే బట్టలు సర్దుకున్నాను.

అక్క పెట్టిన ఇడ్లీలు తిని లోకల్ రైలెక్కి హౌరా చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడినుంచి మెట్రో. హుగ్లీ నది అడుగున 520 మీటర్ల సొరంగం, ముప్పావు నిమిషంలో అయిపోతుంది. 2024 మార్చిలో మొదలైంది. నది కింద ఉన్నామని బావ చెప్పి, గోడల మీద నీలం దీపాలు చూపించే లోపే అవతలి ఒడ్డు వచ్చేసింది.

ఎస్‌ప్లనేడ్‌లో దిగి నేరుగా డేకర్స్ లేన్. ఇప్పుడు దాని పేరు జేమ్స్ హికీ సరణి. 1780 జనవరిలో దేశంలో మొదటి వార్తాపత్రిక 'బెంగాల్ గెజెట్' అచ్చువేసిన హికీ పేరు. పత్రికల పేరున్న సందులో ఇప్పుడు అచ్చయ్యేవి రొట్టెలే. చుట్టుపక్కల ఆఫీసుల గుమస్తాలందరికీ మధ్యాహ్న భోజనం ఇక్కడే. చిత్తబాబు దుకాణంలో చికెన్ స్టూ, వెన్న రాసి కాల్చిన రొట్టె తిన్నాం. పల్చటి చారులో బొప్పాయి ముక్క, క్యారెట్ ముక్క, ఒక కోడి ముక్క, పైన మిరియాలు. మన నాలుక మొదటి గుక్కకు "ఇందులో ఏమీ లేదే" అంటుంది. మూడో గుక్కకు ఊరుకుంటుంది. బల్ల మీదికి గిన్నె వచ్చాక ఏడెనిమిది నిమిషాల్లో లేచిపోవాలి, వెనక మనిషి నిలబడి ఉంటాడు. మా నాన్న చూసి ఉంటే మురిసిపోయేవాడు. కాఫీ తాగేసి గంటసేపు పేపరు చదివే గిరాకీ ఆయనకు శత్రువు.

న్యూ మార్కెట్‌ను ఇక్కడి పాతవాళ్ళు హగ్ సాహెబ్ బజారు అంటారు. 1874లో తెరిచారు. ఎర్ర ఇటుక గడియార స్తంభం, లోపల సందుల్లో సందులు. అందులో నహూమ్ దుకాణం. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదుల కుటుంబం 1902లో ఇంటింటికీ తిరిగి కేకులు అమ్ముతూ మొదలుపెట్టి, 1916లో ఈ మార్కెట్లోకి వచ్చింది. పాత చెక్క బీరువాలు, అద్దాల వెనక ప్లమ్ కేకులు, నిమ్మ టార్టులు, పఫ్‌లు. కూర్చునేందుకు కుర్చీ ఒక్కటి లేదు. ఒకప్పుడు కలకత్తాలో వేలల్లో ఉన్న యూదులు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. డిసెంబరు వస్తే మాత్రం క్రిస్మస్ కేకు కోసం ఈ యూదుల దుకాణం ముందు హిందువులూ ముస్లిములూ క్రైస్తవులూ వరుస కడతారట. ప్లమ్ కేకు ముక్క బరువుగా, తడిగా, ఎండుద్రాక్ష పులుపుతో ఉంది. నాకు దానికన్నా నిమ్మ టార్టు నచ్చింది. బావ ఒప్పుకోలేదు.

మార్కెట్ వెనక సందులో నిజామ్స్. 1932 నాటిది. పరాఠాలో కబాబు చుట్టి చేతికిచ్చే రోల్ ఇక్కడే పుట్టిందంటారు. మన వైపు బోర్డుల మీద దాన్ని 'కత్తి రోల్' అని రాసేస్తారు. కత్తి కాదు, కాఠి. అంటే పుల్ల. మొదట్లో మాంసం ముక్కలు ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చేవారు. 1960లలో వెదురు పుల్లలకు మారారు, ఆ పుల్లే పేరైంది. గుడ్డు, మటన్ కలిపిన రోల్ తీసుకున్నాం. పెనం మీద పరాఠా సగం కాలాక గుడ్డు కొట్టి, దాని మీదే పరాఠా బోర్లించి అదిమే పద్ధతి చూడటానికి పావుగంట నిలబడ్డాను. పెనం ముందు మనిషి నా వైపు రెండుసార్లు అనుమానంగా చూశాడు.

బయటికి వచ్చాక చీకటిలో ఒక తోపుడు బండి. బండి నిండా గోధుమరంగు బెల్లం అచ్చులు. "నొలెన్ గూడ్, ఖాటీ నొలెన్ గూడ్!" అని కేక. నొలెన్ గూడ్ అంటే శీతాకాలంలో మాత్రమే దొరికే ఈత బెల్లం. ఖాటీ అంటే కల్తీ లేనిదట. బావ టీ తాగడానికి పక్కకు వెళ్ళారు. బెల్లం చూడటం నాకు ఒకరు నేర్పాలా అనుకుని కిలో తూయించాను.

లాడ్జికి వచ్చి విప్పితే బావ ఒక అచ్చు తీసి బల్ల అంచున కొట్టారు. ఠంగుమంది.

"ఎంతకు కొన్నావు?"

చెప్పాను.

"పంచదార మరీ ఖరీదైపోయిందోయ్ ఈ మధ్య" అని పడుకున్నారు.

జనవరి 22

తెల్లవారి ఆరింటికే టెరిటా బజారు. ఈ పేరు టిరెట్టా అనే వెనిస్ మనిషిది. కలకత్తా పాత చైనా పేట ఇదే. రోడ్డు పక్కన స్టూళ్ళ మీద అల్యూమినియం డబ్బాలు, మూత తీస్తే ఆవిరి. బావోలనే తెల్లటి ఆవిరి బన్నులు, చేప ఉండల సూపు, మోమోలు. ఎనిమిదిన్నర దాటితే ఏమీ ఉండదు, అదే చోట కూరగాయలవాళ్ళు కూర్చుంటారు. మేము వెళ్ళిన రోజు నాలుగైదు బళ్ళే ఉన్నాయి. సూపు పోస్తున్న పెద్దావిడ, "ఆదివారం రావాల్సింది" అని బెంగాలీలో బావను కోప్పడింది. చైనావాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి ఈ ఊళ్ళో ఉన్నారు. 1962 యుద్ధం తరువాత చాలామందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. తిరిగివచ్చినవాళ్ళలో చాలామంది కెనడాకో మరో చోటికో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో కొందరు ఇలా పొద్దున్నే వచ్చి డబ్బా మూతలు తీస్తున్నారు. సూపు బాగుంది, చలికి ఇంకా బాగుంది.

అక్కడినుంచి బౌబజార్ నడక. దారిలో మట్టి పిడతలో టీ. తాగి, పిడత నేలకేసి కొట్టాలి. నాకు చెయ్యి రాలేదు. చక్కగా కాలిన పిడత, ఇంట్లో పసుపు వేసుకోవడానికి పనికొస్తుంది. సంచిలో వేసుకున్నాను. బావ చూడనట్టు నటించారు.

భీమ్ చంద్ర నాగ్ మిఠాయి దుకాణం 1826 నాటిది. గోడ మీద గడియారం చూడమన్నారు బావ. కుక్ అండ్ కెల్వీ అనే ఇంగ్లీషు కంపెనీ గడియారం, కాని అంకెలన్నీ బెంగాలీలో ఉన్నాయి. ఆ కంపెనీ దొర ఇక్కడ సందేశ్ తిని, ఇంత పేరున్న దుకాణంలో గడియారం లేదేమని అడిగాడట. మా పనివాళ్ళకు ఇంగ్లీషు అంకెలు రావన్నారట యజమాని. అప్పుడు దొర బెంగాలీ అంకెలతో ప్రత్యేకంగా చేయించి పంపాడని చెబుతారు. వైస్రాయ్ కానింగ్ భార్య కోసం ఇక్కడే తయారుచేశారనే మిఠాయికి లేడీకెనీ అని పేరు. లేడీ కానింగ్ అన్నది బెంగాలీ నోట్లో నలిగి అలా అయింది. ఆవిడ 1861లో ఈ ఊళ్ళోనే చనిపోయింది. మిఠాయి మాత్రం ఇంకా పాకంలో తేలుతోంది.

ఆ వీధి చివర, పేరు కూడా పట్టించుకోనంత చిన్న మిఠాయి కొట్టు. బోర్డు మీద దుకాణం పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఒక వాక్యం. బావ చదివారు: "ఆమాదేర్ కోనో శాఖా నేయ్." మాకు ఎక్కడా శాఖలు లేవు. శాఖ అన్న మాట వాళ్ళకూ మనకూ ఒకటే కాబట్టి తర్జుమా కూడా అక్కర్లేకపోయింది. తరువాత చూస్తే ఊళ్ళో చాలా చోట్ల ఇదే వాక్యం. మన వైపు నాలుగు బ్రాంచీలు తెరిచాక బోర్డు మీద నాలుగూ రాసుకుంటారు. ఇక్కడ లేవని రాసుకుంటున్నారు. పక్క సందులో అదే పేరుతో ఎవరైనా కొట్టు పెడితే గిరాకీ మోసపోకూడదని ఈ ఏర్పాటు. అయితే ఆ అక్షరాల్లో ఉన్నది హెచ్చరిక ఒక్కటే కాదు, కాస్త పొగరు కూడా ఉంది. నాకు ఆ పొగరు నచ్చింది. మా నాన్న హోటలుకూ శాఖలు లేవు. బోర్డు మీద రాసుకోవచ్చని ఆయనకు తట్టలేదు. ఆయనకున్న శాఖలు మేము ముగ్గురు అన్నదమ్ములం, ఒక్కటీ హోటల్ వైపు పెరగలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పు రుబ్బించడం మా ముగ్గురిలో ఎవరికీ ఇష్టం లేదు. మూతపడటానికి మేము అందరికీ చెప్పే కారణాలు వేరే ఉన్నాయి. అసలు కారణం ఇది.

మధ్యాహ్నం భోజనం కాలేజీ స్ట్రీట్ వెనక, భవానీ దత్త లేన్‌లో. స్వాధీన్ భారత్ హిందూ హోటల్. ఒడిశా నుంచి వచ్చిన మనిషి పెట్టింది. మొదట ఉత్త హిందూ హోటలే, స్వాతంత్ర్యం వచ్చాక ముందు రెండు మాటలు చేరాయి. ఇలాంటివాటిని పైస్ హోటళ్ళు అంటారు. పైసల లెక్కన భోజనం పెట్టిన రోజుల పేరు అలాగే నిలిచిపోయింది. ప్రెసిడెన్సీ కాలేజీ అడుగుల దూరంలోనే. అక్కడ చదివేటప్పుడు సుభాష్ చంద్ర బోస్ ఇక్కడికి వచ్చి బచ్చలికూర ఇష్టంగా తినేవాడని హోటల్‌వాళ్ళు చెప్పుకుంటారు.

ఇక్కడ లెక్క చూసి నాకు మతిపోయింది. ప్లేటు భోజనం అనే మాటే లేదు. అన్నం వేరు, పప్పు వేరు, బచ్చలికూర వేరు, చేప వేరు. నిమ్మ చెక్క వేరు. అరిటాకు కావాలంటే దానికీ డబ్బులు వేరు. సర్వర్ ఏదీ రాసుకోడు. పక్క బల్ల, వెనక బల్ల, మా బల్ల, అందరం తిన్నవన్నీ బుర్రలో పెట్టుకుని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పాటలాగా గల్లాపెట్టె వైపు అరుస్తాడు. మా నాన్న దగ్గర ముప్ఫై ఏళ్ళలో అలాంటి సర్వర్ ఒక్కడే ఉండేవాడు. ఆ లెక్కలో ఒక్క పూట కూడా తప్పు పట్టలేకపోయామని నాన్న చెప్పేవాడు. అన్నిటికీ విడివిడిగా డబ్బులు అడగడం మన దృష్టికి పిసినారితనంలా కనిపిస్తుంది. మనకు రెండోసారి అన్నం, మూడోసారి సాంబారు ధర్మం. కాని పక్క బల్ల దగ్గర ఒక కుర్రవాడు అన్నం, పప్పు, నిమ్మ చెక్క మాత్రమే తీసుకుని కడుపు నిండా తిని లేచిపోయాడు. ఎవరూ అతని వైపు వింతగా చూడలేదు. మన హోటళ్ళలో అతను ప్లేటు భోజనం ధర చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. అప్పుడు ఆ లెక్క నాకు అర్థమైంది.

చేప దగ్గర మాత్రం నవ్వు ఆగలేదు. కలకత్తా మార్కెట్లలో లోకల్ చేప, చాలానీ చేప అని రెండు రకాలట. చాలానీ అంటే బయటి ఊళ్ళనుంచి ఐసు పెట్టెల్లో వచ్చింది. ఎక్కడినుంచి అని అడిగాను. "ఎక్కడినుంచేమిటి, మన కొల్లేరు చెరువులే. కైకలూరు, భీమవరం లారీలు రోజూ హౌరా చేపల మార్కెట్టుకు వస్తాయి" అన్నారు బావ. బెంగాలీలు రుయి అని మురిసిపోయే మన శీలావతి ఇక్కడికి నాకన్నా ముందే లారీలో వచ్చి కూర్చుంటోందన్నమాట. లోకల్ చేప రుచి ఈ చెరువు చేపకు రాదని బెంగాలీలు మూతి విరుస్తారట. విరిచి, కొంటారు.

కాలేజీ స్ట్రీట్‌లోని కాఫీ హౌస్ మీద నా అభిప్రాయం బావకు నచ్చలేదు, మీకూ నచ్చకపోవచ్చు. 1942లో కాఫీ బోర్డు ఆల్బర్ట్ హాలులో తెరిచిన చోటు. 1950లలో మూసేద్దామనుకుంటే ప్రొఫెసర్లు అడ్డుపడ్డారు, పనివాళ్ళే సహకార సంఘం పెట్టుకుని 1958 నుంచి నడుపుకుంటున్నారు. ఎత్తైన పైకప్పు, గోడ మీద ఠాగూర్, తలపాగాల సర్వర్లు, చుట్టూ వాదనల హోరు. యజమాని లేకుండా పనివాళ్ళే హోటల్ నడపడం ఇన్నేళ్ళు సాగిందంటే మొక్కవలసిన విషయమే. కాఫీ మాత్రం బాగాలేదు. పాలు లేని కాఫీని వాళ్ళు ఇన్‌ఫ్యూజన్ అంటారు, అది కొంత నయం. అరకు కాఫీ పండే కొండల కింద పుట్టినవాణ్ణి, ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను.

నోరు బాగుచేసుకోవడానికి కాలేజీ స్క్వేర్ పక్కన పారమౌంట్‌కు వెళ్ళాం. 1918లో బరిసాల్ నుంచి వచ్చిన నీహార్ రంజన్ మజుందార్ పెట్టిన షర్బత్ దుకాణం, మొదటి పేరు ప్యారడైజ్. వెనక గదిలో విప్లవకారులు కలుసుకునేవారట. పాలరాతి బల్లలు. డాబ్ షర్బత్ తాగాలి. కొబ్బరి బోండాం నీళ్ళలో లేత కొబ్బరి మీగడ వేసి, చక్కెర పాకం కలిపి, ఐసుతో ఇస్తారు. కుర్రవాళ్ళ కడుపులో కాస్త బలమైనది పడాలని రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ చెప్పిన తయారీ ఇదట. కోనసీమలో ఇంత కొబ్బరి ఉంది, మనకు ఎవరికీ ఇది ఎందుకు తట్టలేదో తెలియదు. రెండు గ్లాసులు తాగాను.

జనవరి 23

నేతాజీ పుట్టినరోజు, బెంగాల్‌లో సెలవు. హాతీబాగాన్ వైపు బిధాన్ సరణి మీద లక్ష్మీ నారాయణ్ షా దుకాణం ముందు పొద్దున్నే చేంతాడంత వరుస. 1918 నాటి బజ్జీల కొట్టు. స్వాతంత్ర్యానికి ముందునుంచీ ఈ ఒక్క రోజు వచ్చినవాళ్ళందరికీ బజ్జీలు ఉచితంగా పంచుతున్నారు. నేతాజీ ఫోటోకు దండ, మూకుడులో నూనె, వంకాయ బజ్జీ. వాళ్ళు బేగునీ అంటారు. మనం వంకాయ చీల్చి కూరం కూరతాం, వీళ్ళు పల్చటి పొడుగు బద్దలు పిండిలో ముంచి వేస్తారు. అరటిపువ్వు చాప్ అయితే మనం కూడా చేసుకోవచ్చు, తీరికున్నవాళ్ళు. ఉచితమని వచ్చినవాళ్ళు కాదు, చాలామంది మంచి బట్టలు కట్టుకుని ప్రసాదానికి వచ్చినట్టు వచ్చారు. వరుసలో నా ముందున్న తాతగారు చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని వచ్చేవాడట. ఇప్పుడు మనవడి చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

అక్కడినుంచి నడక దూరంలో, హెదువా వైపు ఒక సందులో, నేను నాలుగు రోజుల్లో ఎక్కువసేపు నిలబడ్డ చోటు. గిరీశ్ చంద్ర దే, నకూర్ చంద్ర నందీల దుకాణం. ఊళ్ళో అందరూ నకూర్ అంటారు. 1844 నాటిది. ఇనుప ఊచల వెనక నిలబడి అమ్ముతారు, రైల్వే టికెట్టు కౌంటరులాగా. ఇక్కడ చేసేది సందేశ్ మాత్రమే.

పాలు విరిగితే మనింట్లో ఆ రోజు కాఫీ ఎలాగా అని దిగులు. వీళ్ళు కావాలని విరగ్గొడతారు. ఆ విరుగుడును గుడ్డలో కట్టి నీరు ఓడ్చి, అరచేతి మడమతో మెత్తగా మెదిపి, పంచదారో బెల్లమో కలిపి కడాయిలో చెక్క తెడ్డుతో కలుపుతూ ఉడికిస్తారు. ఎంతసేపు అన్నదే విద్య. తొందరగా దించితే నరమ్ పాక్, ఇంకాసేపు ఉంచితే కడా పాక్. బావ తర్జుమా చేయబోతే వద్దన్నాను. లేత పాకం, ముదురు పాకం. అరిసెల పాకం దగ్గర మా అమ్మ, పెద్దమ్మ పడే తగాదా ఇదే. లేతదైతే అరిసె విరిగిపోతుంది, ముదిరితే రాయి.

శీతాకాలం మూడు నెలలూ ఇక్కడ పంచదారకు బదులు నొలెన్ గూడ్. ఊచల్లోంచి ఒక సందేశ్ అందించాడు. తాటి ముంజ ఆకారం. "జాగ్రత్త, ముందుకు వంగి కొరుకు" అన్నారు బావ. ఆయన మాట పూర్తయ్యేలోపు కొరికేశాను. మధ్యలోంచి చల్లటి ఈత బెల్లం పాకం చిమ్మి చొక్కా మీద పడింది. కౌంటరు వెనక మనిషి కూడా నవ్వాడు.

దీని పేరు జల్‌భరా, నీళ్ళు నిండినది. పుట్టింది ఇక్కడ కాదు, హుగ్లీ నది ఎగువన చందన్‌నగర్‌లో, సూర్య మోదక్ అనే మిఠాయివాడి చేతిలో. అక్కడి జమీందారు ఇంటివాళ్ళు కొత్త అల్లుణ్ణి ఆటపట్టించాలని అడిగారట. ముంజ ఆకారంలో సందేశ్ చేసి లోపల గులాబీ నీళ్ళు నింపాడు. అల్లుడు దర్జాగా కొరికాడు, పట్టు బట్టలన్నీ తడిశాయి. సంక్రాంతికి కొత్తల్లుణ్ణి ఏడిపించడంలో మనమే ఘనులమనుకునేవాణ్ణి. ఇది మన గారెల్లో దూది పెట్టే వేళాకోళం కన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. అల్లుడు తడిసినా, తినడం మానడు కదా. పైగా ముంజను అల్లుడితో కలిపి ఆలోచించిన ఆ మోదక్ ఎండాకాలం ముంజ నీళ్ళతో చొక్కా పాడుచేసుకున్న మనిషే అయి ఉంటాడు.

ఆ సందేశ్ రుచి చెప్పాలంటే నా దగ్గర ఉన్న మాటలు చాలవు. చెరకు బెల్లంలో మట్టి, పొగ, కాస్త ఉప్పు ఉంటాయి. అనకాపల్లి దిమ్మ పగలగొట్టినప్పుడు వచ్చే ఆ ఘాటు నాకు ఇల్లు గుర్తుచేసే వాసన. ఇది అలాంటిది కాదు. పొగ ఉంది, కాని పలచగా, దూరంగా ఎక్కడో చితుకులు కాలుతున్నట్టు. తీపి నాలుక మీద ఆగదు. మరొకటి కొన్నాను, ఈసారి ముందుకు వంగి తిన్నాను.

రసగుల్లా సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. 1868లో బాగ్‌బజార్‌లో నవీన్ చంద్ర దాస్ చేశాడని బెంగాలీలు, పూరీ జగన్నాథుడికి అంతకు ముందునుంచే ఉందని ఒడిశావాళ్ళు. 2017లో బెంగాల్‌కు భౌగోళిక గుర్తింపు, 2019లో ఒడిశా రసగుల్లాకు వేరే గుర్తింపు. బందరు లడ్డుకూ ఆత్రేయపురం పూతరేకులకూ అలాంటి గుర్తింపు ఉంది, దానికోసం మనతో ఎవరూ యుద్ధానికి రాలేదు. రెండు రాష్ట్రాల మధ్య రైల్లో ప్రయాణించేవాడిగా నేను ఎవరి పక్షమూ కాదు.

రాత్రి నాఖోదా మసీదు దగ్గర రాయల్‌లో మటన్ చాప్. 1905 నాటి హోటల్. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని మటియాబుర్జ్‌కు వస్తూ వంటవాళ్ళను వెంట తెచ్చుకున్నాడు, వాళ్ళతో ఊళ్ళోకి బిర్యానీ వచ్చింది. అందులో బంగాళాదుంప ఉండాల్సిందేనని ఊరంతా పట్టుబడుతుంది. నేనూ బావా దుంప గురించి అరగంట వాదించుకున్నాం. హైదరాబాద్ పేరు నేను ఎత్తగానే పక్క బల్లవాళ్ళు కూడా కలిశారు. నలుగురి మీద ఒక్కణ్ణి, ఓడిపోయాను.

జనవరి 24

చీకటితోనే లోకల్ రైలెక్కాం. కలకత్తా యాత్ర నిన్నటితో అయిపోయింది కాని, సంచి అడుగున ఇంకా నా కిలో బెల్లం ఉంది. బావకు తెలిసిన ఒక శివులీ ఖరగ్‌పూర్ దాటాక పల్లెలో ఉన్నాడు. శివులీ అంటే ఈత చెట్టు గీసే మనిషి, మన గీత కార్మికుడే. స్టేషన్ దగ్గర స్కూటరు తీసుకుని వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. అతను అప్పటికే కుండలన్నీ దించి, గడ్డి కప్పు కింద వెడల్పాటి రేకు పెనంలో రసం కాస్తున్నాడు. పక్కన ఎండు ఈతాకులు, చితుకులు. తెట్టు తీసి పారేయడం, అంచులు గరిటెతో గీరడం, తీగ పాకం వచ్చిందా అని వేళ్ళ మధ్య సాగదీసి చూడటం, అన్నీ మా ఊరి బెల్లం వంటే. మా వైపు పెనం పెద్దది, అంతే తేడా. రాత్రి చల్లగా ఉంటేనే రసం తేటగా వస్తుందని, ఎండ పడితే పులిసిపోతుందని చెప్పాడు. పులిసినది మాకు బాగా తెలుసన్నాను.

నా కిలో బెల్లం అతని ముందు పెట్టాను. అతను గోటితో గీశాడు, ఏమీ రాలలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుకకు తాకించాడు. తరువాత చాలా మర్యాదగా తిరిగి ఇచ్చి ఏదో అన్నాడు.

బావ తర్జుమా చేశారు: "మంచి పంచదార అంటున్నాడు."

తన అచ్చు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. బొటనవేలు నొక్కితే విరిగిపోయింది, లోపల తడి. వేడి పాకం కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చాడు. నేను తాగుతుంటే బావతో మాట కలిపాడు. మీ బావమరిది ఊళ్ళో ఈ చెట్లు లేవా అని. బోలెడు ఉన్నాయన్నారు బావ. మరి ఆ రసం ఏం చేస్తారు అని. బావ అరచేతిని దోసిలిగా నోటి దగ్గర పెట్టి, తల వెనక్కి వంచి చూపించారు. శివులీ పెనం కలపడం ఆపి నవ్వాడు, అతని భార్య కూడా గుడిసెలోంచి బయటికి వచ్చి నవ్వింది.

రెండు కిలోలు కావాలన్నాను. ఈ పూట చేసిందంతా ముందే చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. రేపు వస్తామంటే తల అడ్డంగా ఊపాడు. వరసగా గీస్తే రసం పాడవుతుందట. మూడు రోజులు చెట్టును పడుకోనివ్వాలి, నాలుగో రాత్రి వచ్చేదే అసలు రసం. మూడు రోజులాగి రండి అన్నాడు.

మా రైలు ఆ సాయంత్రానికే.